జాయింటు చెమట

రోజు 9,204

ఈ పుస్తకంలో ముందు పేజీలు మంచులంక ఊరి లీకుల రికార్డు. వాటిని కమిటీ చదువుతుంది, అంటే చదివినట్టు సంతకం పెడుతుంది. వెనక పేజీలు నావి. పుస్తకాన్ని తిరగేసి చూసే ఓపిక ఆ కమిటీలో ఒక్కరికీ లేదు కనక ఇక్కడ నా నోటికొచ్చింది రాసుకుంటాను.

నేను మాణిక్యాంబని. వయసు యాభై నాలుగు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరికి లీకు ఇన్‌స్పెక్టర్ని. ఊరంటే కుజుడి మంచు కింద తవ్విన పన్నెండు వరుసల సొరంగం. నేల బండల కింద గడ్డకట్టిన మట్టి ఉంది. నీళ్ళు అందులోకి ఇంకితే బండ లేస్తుంది, బండ లేస్తే గోడ చిట్లుతుంది, గోడ చిట్లితే మా గాలి మొత్తం బయటికి పోతుంది. అందుకని వరుసల్లో ప్రతి బండకీ ఒక తేమ కన్ను పెట్టారు. తడి తగిలితే గంట మోగుతుంది, నేను పరుగెత్తాలి. బళ్ళో పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. కమిటీ వాళ్ళకి మాత్రం ఏటా కొత్తగా చెప్పాలి.

ఇవాళ పొద్దున నాలుగో వరుసలో పెద్ద వాల్వు తిప్పుతున్నాను. అది ఆర్నెల్లుగా బిగుసుకుపోయి ఉంది, గ్రీజు పెట్టమంటే పెట్టిన నాథుడు లేడు. బలంకొద్దీ లాగేసరికి డ్రిల్లు ధూళి ముక్కులోకి పోయి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. వెంటనే గంట మోగింది. పైకి చూస్తే పైపు పొడిగా ఉంది. కిందికి చూస్తే పదిహేడో బండ మీద చెంచాడు తడి, సరిగ్గా నా రెండు బూట్ల మధ్య.

ఆ తడి నాది. రాశాను, ఇక దాన్ని సాగదీయను.

ఏడాదిగా ఇదే వరస. తుమ్మితే, బరువెత్తితే, గబుక్కున కుర్చీలోంచి లేస్తే కారుతుంది. నవ్వితే కూడానట, కానీ ఈ ఊళ్ళో నన్ను నవ్వించగలిగినవాడు ఇంకా పుట్టలేదు. ఇళ్ళల్లో బండల కింద రేకు పరిచారు, గంటలుండవు, కాబట్టి ఇంట్లో ఎంత కారినా అడిగేవాడు లేడు. బయటికి వస్తేనే బాధ. మా పనిబట్టలు నీరు పీల్చని గుడ్డతో నేస్తారు. చుక్క నీరు కూడా గుడ్డ పాలు కాకూడదట. ఆ ఆలోచన చేసిన మహానుభావుడు జన్మలో ఒక్కసారి కూడా దగ్గి ఉండడు.

గంట విని పైపు మేస్త్రీ అప్పలకొండ పానా పట్టుకుని వచ్చాడు. అరవై రెండేళ్ళ మనిషి. ఇరవై నాలుగేళ్ళుగా ఈ ఊరి పైపులన్నీ అతని చేతివే. వేసిన ప్రతి జాయింటు మీదా తన ఉక్కు ముద్రతో ‘అ’ అని కొడతాడు. ఊళ్ళో నేను మనిషిగా లెక్కవేసే కొద్దిమందిలో అతనొకడు, ఎక్కువ మాట్లాడడు కాబట్టి. అతను వచ్చేలోపు నేను బండ తుడిచేశాను. ఏమైందని అడిగితే జాయింటు చెమట అన్నాను. పైపు కీలు దగ్గర ఆవిరి చల్లబడి కారితే దాన్ని అలా అంటాం. ఇన్నేళ్ళలో అది నేను రెండుసార్లు చూశానేమో. అతను నిచ్చెనెక్కి బాగున్న జాయింటుని ఇంకో అరచుట్టు బిగించి వెళ్ళిపోయాడు.

ముందు పేజీలో ‘నాలుగో వరుస, జాయింటు చెమట’ అని రాశాను. అసలైతే తడిలో పరీక్ష కాగితం ముంచాలి. పైపు నీటికి నీలం వస్తుంది, ఇంకేదైనా అయితే పసుపు. కాగితం ముంచకుండా రికార్డు రాయడం నా ఉద్యోగంలో ఇదే మొదలు.

రోజు 9,209

కమిటీ అధ్యక్షుడు కామేశం గారు నన్ను పిలిపించాడు. ఆయన గదిలో తివాచీ ఉంటుంది. నీరు పీల్చే వస్తువు ఊళ్ళో ఎవరి దగ్గరా ఉండకూడదన్న నియమం రాసింది ఆయనే, ఊరు మొత్తానికి తివాచీ ఉన్న గదీ ఆయనదే. అది పదవికిచ్చే మర్యాదట.

వారంలో మూడు గంటలు మోగాయి కాబట్టి తేమ కళ్ళని ఇంకా సున్నితం చేయమన్నాడు. ఇదివరకు చెంచాడు తడికి మోగేది ఇకమీదట చుక్కకే మోగాలి. పిల్లలు ఉమ్మేసినా, ఎవడి చెమట కారినా నేను పరుగెత్తాలా అని అడిగాను. క్రమశిక్షణ పెరుగుతుంది అన్నాడు. ఆ మాట ఆయనకి ఊతపదం. తుమ్ము ఆగకపోయినా అదే మందంటాడు.

పనిలో పనిగా నాకు ఆరో మితపాన పతకం ఇచ్చాడు. ఏడాదిలో అందరికంటే తక్కువ నీళ్ళు తాగినవాళ్ళకి ఇచ్చే రేకు బిళ్ళ అది. మా ఊళ్ళో గొప్పవాళ్ళు తక్కువ తాగుతారు. పెళ్ళిచూపుల్లో కూడా పిల్ల రోజుకి ఎన్ని గ్లాసులు తాగుతుందో ముందే అడిగి తెలుసుకుంటారు. నేను పొద్దున ఒక గ్లాసు నీళ్ళు, రోజంతా మూడు కాఫీలు. ఆ మూడు కాఫీలు కూడా చిక్కటి డికాక్షను, చుక్కపాటి పాలు.

లోపలికి పోయేది తగ్గిస్తే బయటికి వచ్చేదీ తగ్గుతుందని రేపటి నుంచి ఆ ఒక్క గ్లాసుని అరగ్లాసు చేస్తున్నాను. పంపుల గురించి నాకంటే తెలిసినవాడు ఈ ఊళ్ళో లేడు. ఇది కూడా పంపే కదా.

రోజు 9,217

అరగ్లాసు చేసిన పాపానికి ఇప్పుడు రోజుకి పన్నెండుసార్లు మరుగుదొడ్డికి పరుగెత్తుతున్నాను. కడుపు కింద మంట. వచ్చేది చెంచాడే, కానీ వచ్చే తొందర బిందెడంత. కొత్తగా ఇంకో దరిద్రం మొదలైంది. మా ఇంటి తలుపు ముందు నిలబడి తాళం మీద వేలు పెట్టగానే లోపల ఎవరో మోటారు వేసినట్టు ఆగకుండా వచ్చేస్తుంది. దగ్గు లేదు, తుమ్ము లేదు, తలుపు కనబడితే చాలు. నిన్న సాయంత్రం గ్లాసుడు పోయింది. నాలుగు బండలు ఒకేసారి మోగాయి. తలకొట్టేసినట్టయింది. పక్కింటావిడ తొంగి చూస్తే పైపు కారుతోంది, లోపలికి పొమ్మని కసిరాను. పైపు ఆ గోడలో అసలు లేనే లేదు. ఆవిడ నమ్మింది. ఈ ఊరి జనం తెలివి ఇంతే.

తేమ కళ్ళు సున్నితం చేశాక ఆరో వరుసలో కూడా గంటలు మొదలయ్యాయి. అక్కడివి వేరే రకం. మగవాళ్ళ మరుగుదొడ్డి గుమ్మం నుంచి మొదలై అడుగుకొక చుక్క, ఐదారు అడుగుల దాకా. అక్కడ మాత్రం ఉద్యోగధర్మంగా కాగితం ముంచాను. పసుపు. అటు నేను వెళ్ళానా అని ఆలోచించాను. వెళ్ళాను, మొన్న గేజి చూడటానికి. నాకు తెలియకుండా కూడా కారుతోందన్నమాట. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది. అక్కడివి కూడా ‘జాయింటు చెమట’ అనే రాసేశాను.

ఇవాళ కామేశం గారు ఆ పేజీలు నిజంగానే చదివాడు. చదవక చదవక చదివినవాడు ఊరుకుంటాడా? పదమూడు రోజుల్లో తొమ్మిదిసార్లు జాయింటు చెమట. జాయింట్లన్నిటి మీదా ‘అ’ ముద్ర. కాబట్టి అప్పలకొండ చేతిపని చెడిపోయింది. ఇంత లెక్క చేయడానికి ఆయనకి రెండు గంటలు పట్టిందట, గుమాస్తా చెప్పాడు.

వచ్చే సర్వసభ్య సభలో అప్పలకొండ ముద్రని అణగకొడతారు. మా ఊళ్ళో మేస్త్రీ పని పాడైతే అతని ఉక్కు ముద్రని అందరి ముందూ ఇనుప దాగలి దిమ్మ మీద పెట్టి, అధ్యక్షుడు సుత్తితో మూడు దెబ్బలు కొడతాడు. అక్షరం చదునైపోయాక ఆ ముక్కని అతని చేతికే ఇస్తారు. ఆ తరవాత అతను ఊళ్ళో ఏ పైపు మీదా చెయ్యి వేయకూడదు. నాచు షెడ్డులో కూర్చుని నాచు ఏరుకోవాలి.

ఆ రాత నాది.

రోజు 9,218

వైద్యశాలకి వెళ్ళాను. డాక్టర్ ఫరీదాకి ముప్పై ఏళ్ళుంటాయేమో. నన్ను ఆంటీ అంటుంది. ఆ పిలుపు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పైగా నవ్వుతూ అంటుంది.

ఒక పాత పంపు గురించి సలహా కావాలి అన్నాను. ఆ పిల్ల కళ్ళెత్తి చూసింది.

“ఏం పంపు ఆంటీ?”

“యాభై నాలుగేళ్ళది. దగ్గితే కింద కారుతోంది. తలుపు చూస్తే దానంతటదే ఆన్ అవుతోంది.”

నవ్వుతుందనుకున్నాను, నవ్వితే లేచి వచ్చేద్దామనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని “ఆ పంపుకి కాన్పులెన్ని?” అంది.

రెండు అన్నాను. ఇక ప్రశ్నల మీద ప్రశ్నలు. ముట్లు ఆగి ఎన్నేళ్ళయింది, దగ్గు ఎన్నాళ్ళుగా, బరువులు ఎత్తుతానా, విరోచనం సాఫీగా అవుతుందా, మూత్రంలో రక్తం ఏమైనా కనబడిందా, రోజుకి ఎన్ని నీళ్ళు, ఎన్ని కాఫీలు. అరగ్లాసు అని గర్వంగా చెప్పాను. నెత్తి కొట్టుకుంది. చెంబిచ్చి పంపించి, అది తెస్తే చీము ఉందా, చక్కెర ఉందా అని చూసింది. రెండూ లేవు.

తరవాత బొమ్మ గీసి చెప్పింది. మూత్రపు సంచి కింద కండరాలు ఊయల గుడ్డలా పట్టుకుని ఉంటాయట. కాన్పులకి, వయసుకి, ఏళ్ళ తరబడి వాల్వులు లాగినందుకు ఆ గుడ్డ వదులైంది. దగ్గినప్పుడు పైనుంచి ఒత్తిడి పడితే కింద బిగి చాలక కారుతుంది. అది ఒక లీకు. తలుపు దగ్గరది వేరు. అక్కడ సంచే ఆజ్ఞ లేకుండా ముడుచుకుంటోంది. నీళ్ళు తాగకపోతే మూత్రం చిక్కబడి సంచి గోడల్ని గిల్లుతుంది, గిల్లితే సంచి ఇంకా ముడుచుకుంటుంది. కాఫీ దానికి వంత పాడుతుంది. మీ పతకాలే మీ జబ్బులో సగం ఆంటీ అంది. నీళ్ళు తగ్గిస్తే విరోచనం బిగుస్తుంది, అది కూడా పక్కనుంచి సంచిని నొక్కుతుందట. నాకు ఇవన్నీ తెలియవు. పంపుల గురించి తెలిసినదాన్ని అని రాసుకున్నాను కదా పైన. నా బొంద.

“వయసుతో వచ్చేదే కదా, ఎవరేం చేస్తారు?” అన్నాను.

“పైపు పాతదైందని మీరు కారనిస్తారా?” అంది.

ఈ పిల్ల మీద కొంచెం గౌరవం కలిగింది, అది కూడా చిరాగ్గానే ఉంది.

చెప్పిన పని ఇదీ. అపానవాయువుని ఆపుకున్నట్టు కింది కండరాలని లోపలికి, పైకి బిగించాలి. ఐదు అంకెలు లెక్కపెట్టాలి, వదలాలి, మళ్ళీ ఐదు. పదిసార్లు, రోజుకి మూడు పూటలా. పొట్టా పిరుదులూ కదలకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి చూడటం వంటి వేషాలు వేయకూడదు. దగ్గు వస్తుందనగానే ముందు బిగించి ఆ తరవాత దగ్గాలి. రోజుకి ఆరు గ్లాసుల నీళ్ళు, ఒకే కాఫీ. గంటకోసారి వెళ్ళే అలవాటు మాని, తొందర వచ్చినప్పుడు నిలబడి బిగించి, అది తగ్గాక నెమ్మదిగా వెళ్ళాలి. వారానికి పావుగంట చొప్పున మధ్య ఎడం పెంచాలి. మూడు నెలలు చేస్తే చాలామందికి తగ్గుతుంది, తగ్గకపోతే మందులున్నాయి, చిన్న ఆపరేషన్ ఉంది.

చాలామంది అంటే ఎంతమంది అని అడిగాను. పేర్లు చెప్పను, మీ ఈడు ఆడవాళ్ళని ముగ్గుర్ని తీసుకుంటే ఒకరికి ఉంటుంది, మగవాళ్ళకీ ఉంటుంది, వాళ్ళు చచ్చినా రారు అంది.

రోజు 9,226

ఆరు గ్లాసులూ తాగుతున్నాను. మంట పోయింది. బిగించడం మాత్రం ఎంత అవమానకరమైన పనో చెప్పలేను. లైనులో నిలబడి ముఖం గంభీరంగా పెట్టుకుని లోపల లోపల ఐదు లెక్కపెట్టాలి. నిన్న కామేశం గారు క్రమశిక్షణ గురించి మాట్లాడినంతసేపూ ఇరవై మూడుసార్లు బిగించాను. ఆయన ప్రసంగం ఒకరికి పనికిరావడం ఇదే మొదటిసారి.

ఇవాళ ధైర్యం తెచ్చుకుని అప్పలకొండ పైపు షెడ్డుకి వెళ్ళాను. తప్పు నాది, నీది కాదు అని చెప్పేయాలని దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళాను. అతను బల్ల మీద జాయింట్లకు చుట్టే నారని చిన్న చిన్న మడతలు పెడుతున్నాడు. నన్ను చూసి గబుక్కున సంచిలో దోపాడు. పదవి పోయే మనిషి నార దాచుకుంటాడేమిటి అనుకున్నాను.

అడగకముందే చెప్పాడు, కమిటీ కాగితం మీద ‘పని నాదే, లోపం నాదే’ అని సంతకం పెట్టేశాడట.

“నీ జాయింటులో లోపం లేదని నీకు తెలుసు. ఎందుకు పెట్టావు?” అని అడిగాను.

“మరేటి సేత్తాను మేడంగోరూ. తవరు అలాగ రాసి నా పరువు నిలబెట్టినారు. అదే సాలు. ముద్దర పోతే పోనీండి.”

ఎత్తిపొడుస్తున్నాడనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళ పని నా రాతతో బూడిదవుతుంటే పరువు నిలబెట్టానట. చెప్పాల్సింది చెప్పకుండా సరేలే అని వచ్చేశాను. ఊళ్ళో వాళ్ళందరినీ పిరికివెధవలని తిడుతూ ఉంటాను. అందులో మొదటి పేరు మాణిక్యాంబ అని ఇక్కడ రాసి పెడుతున్నాను.

రోజు 9,239

సభ ఇవాళ మధ్యాహ్నం జరిగింది. ఊరు ఊరంతా వచ్చింది. మంచి పనికి పిలిస్తే పదిమంది రారు, ఒకడి పరువు తీస్తామంటే వేళకి ముందే వచ్చి ముందు వరసలో కూర్చుంటారు.

సభ హాలు బండలకి నిన్ననే నేను స్వయంగా తేమ కళ్ళు సున్నితం చేశాను. ఇవాళ పొద్దున నాలుగు గ్లాసుల నీళ్ళు, రెండు కాఫీలు తాగాను. ఎందుకు తాగానో నాకు తెలుసు.

వేదిక మీద దాగలి పెట్టారు. ఇద్దరు మోసుకొచ్చారు దాన్ని. పైన అప్పలకొండ ముద్ర నిలబెట్టారు, వేలెడంత ఉక్కు ముక్క, పట్టుకుని పట్టుకుని అతని బొటనవేలు దగ్గర గుంట పడింది. కామేశం గారు సుత్తి పట్టుకుని ప్రసంగం మొదలెట్టాడు. అప్పలకొండ కింద చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు.

నేను వేదికెక్కాను. “ఆ తొమ్మిది లీకులూ జాయింట్లవి కావు. నావి. నాకు మూత్రం ఆగడం లేదు. దాచుకోడానికి దొంగ రికార్డు రాశాను” అన్నాను.

కామేశం గారు తేరుకుని నా వైపు జాలిగా చూశాడు. మాణిక్యాంబ గారిది ఎంత మంచి మనసో చూడండి, తోటి ఉద్యోగిని కాపాడటానికి తన మీద ఇంత హీనమైన నింద వేసుకుంటున్నారు, ఆరుసార్లు మితపాన పతకం పొందిన మనిషికి అలాంటి జబ్బు ఎలా వస్తుంది అని సభని అడిగాడు. సభ తల ఊపింది. నన్ను ఈ ఊళ్ళో నానా తిట్లూ తిట్టారు గానీ మంచి మనసని ఎవరూ అనలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నా కాళ్ళ కింద బండలకి తేమ కళ్ళున్నాయి, చూడండి అని కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి గట్టిగా దగ్గాను.

గంట మోగలేదు.

మళ్ళీ దగ్గాను. మోగలేదు. మూడు వారాలు బిగించిన పాపం. ఏడాదిపాటు వద్దన్నా కారింది, కావాలన్న రోజున చుక్క రాలదు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. కామేశం గారు నా భుజం మీద చెయ్యి వేసి, కూర్చోండమ్మా అన్నాడు. సుత్తి పైకెత్తాడు.

ఆ సుత్తి దిగేలోపు నేను ముద్రని పక్కకి తోసి, దాగలిని రెండు చేతులా పట్టుకుని ఎత్తాను. ఇద్దరు మోసిన దాగలి. మోకాలి దాకా లేచింది.

గంట మోగింది. నా కాళ్ళ కింద బండ, దాని పక్క బండ.

దాగలి దించి, జేబులోంచి పరీక్ష కాగితం తీసి తడిలో ముంచి అందరికీ చూపించాను. పసుపు. “పైపు నీళ్ళయితే నీలం రావాలి. ఇది జాయింటు చెమటా?” అని అడిగాను.

అప్పుడు నవ్వారు. ముందు వరస మొదలెట్టింది, వెనకవాళ్ళు అందుకున్నారు. పొట్టలు పట్టుకుని, ఒకరి మీద ఒకరు పడి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. కామేశం గారు కూడా సుత్తి మీద ఆనుకుని భుజాలు ఎగరేస్తూ నవ్వాడు. నేను అలాగే నిలబడ్డాను. జీవితంలో అంత ఒంటరిగా ఎప్పుడూ నిలబడలేదు.

ఆ నవ్వు మధ్యలో ఒక గంట మోగింది. నేను కదలలేదు. మూడో వరసలో మోగింది. ఆ వెంటనే వెనక గోడ దగ్గర ఇంకొకటి. మూడోది వేదిక మీదే మోగింది, నాకు ఆరడుగుల దూరంలో. వేదిక మీద నేను కాక ఉన్నది ఒక్కరే. మర్యాద కోసం పేరు రాయకూడదనుకున్నాను గానీ, రాయకపోతే ఇవి వెనక పేజీలెందుకు? కామేశం గారు. పాపం, ఇక్కడ తివాచీ లేదు.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఎవరూ తమ కాళ్ళ వైపు చూసుకోలేదు. పక్కవాళ్ళ కాళ్ళ వైపు మాత్రం అందరూ చూశారు.

అప్పుడు అప్పలకొండ తల ఎత్తాడు. అతను సభలో మాట్లాడటం నేను చూడలేదు, ఎవరూ చూసి ఉండరు.

“ఆరో వరసలోయి మేడంగోరివి కావండి. అవి నాయి. రెండేళ్ళయినాది. ఒకటికెళ్ళి బయటికొచ్చినాక సుక్కలు పడతాయి. నార మడత పెట్టుకుని తిరుగుతన్నాను. మేడంగోరు కాయితం ముంచడం నాను సూసినాను, పసుపొచ్చినాది సూసినాను. అయినా జాయింటని రాసినారు. నాకోసమే రాసినారనుకున్నాను. పని రాదని అనిపించుకుందును గానీ, ఇది సెప్పలేకపోయినాను.”

ఇరవై నాలుగేళ్ళ ముద్రని అణగకొట్టనిస్తాడు గానీ నోరు విప్పడు. అతన్ని చూసి జాలిపడనా, తన్ననా అనుకున్నాను, కానీ అతను చేసిందే నేనూ చేశాను, నేను ఇంకొకడి మెడకి చుట్టాను, అతను తన మెడకే చుట్టుకున్నాడు. అంతే తేడా. నాకు ఏడుపొచ్చింది. అందరూ చూశారు. చూస్తే చూశారు.

పరీక్ష కాగితం పట్టుకుని నేను కామేశం గారి వైపు రెండడుగులు వేశాను. లీకు మోగితే కాగితం ముంచడం నా ఉద్యోగం. ఆయన సుత్తి కింద పెట్టి, అవసరం లేదు, సభ ముగిసింది అన్నాడు. ఉన్నచోటి నుంచి మాత్రం కదలలేదు, హాలు ఖాళీ అయ్యేదాకా ఆ బండ మీదే నిలబడ్డాడు. అప్పలకొండ వేదికెక్కి తన ముద్ర తీసుకుని జేబులో వేసుకున్నాడు.

రోజు 9,301

వైద్యశాల ముందు రోజూ లైనుంటోంది. ఒకరినొకరు చూడనట్టు గోడకేసి తిరిగి నిలబడతారు. అందరూ మోకాళ్ళ నొప్పులకి వచ్చామనే చెబుతారు. కామేశం గారు దుమ్ము ముసుగు కళ్ళ దాకా లాక్కుని వచ్చాడట. తివాచీ ముక్కలుగా కోసి మడతలు కుట్టి అవసరమైనవాళ్ళకి ఇవ్వమని ఫరీదా అడిగితే వెంటనే సంతకం పెట్టాడు. మితపాన పతకం కూడా ఎత్తేశారు. క్రమశిక్షణ కోసమే ఎత్తేశామని చెప్పాడు.

అప్పలకొండకి వాపు ఉన్నది మగవాళ్ళకి సంచి కింద ఉండే గ్రంథిలో. అది దారిని నొక్కడం వల్ల సంచి పూర్తిగా ఖాళీ కాక, మిగిలింది చుక్కలుగా పడుతోందట. మాత్రలు వేసుకుంటున్నాడు. రెండేళ్ళు నార కట్టుకుని తిరిగిన మనిషికి పదిహేను రోజుల్లో సగం తగ్గింది. ఇదంతా నేను అడగలేదు, అతనే చెప్పాడు, అడిగే మొహం కాదు నాది.

నాకు తలుపు జబ్బు పోయింది. దగ్గు జబ్బు ముప్పాతిక వంతు పోయింది. ఇవాళ నాలుగో వరుసలో అదే పెద్ద వాల్వు, ఇంకా ఎవడూ గ్రీజు పెట్టలేదు. లాగుతుంటే దగ్గొచ్చింది. ముందు బిగించి తరవాత దగ్గాను. మోగలేదు. ఆ సంబరంలో ఒళ్ళు మరిచి తుమ్మాను, దానికి మోగింది.

అప్పలకొండ పానా పట్టుకుని వచ్చాడు. నిచ్చెన వెయ్యలేదు. పైన తన ‘అ’ ముద్ర వైపు ఒకసారి చూసి, కింద బండ వైపు చూసి, “ఇది నాదా, తవరిదా మేడంగోరూ?” అని అడిగాడు.

“నాది” అన్నాను.

సరేనండి అని కూర్చుని, సంచిలోంచి నార తీసి బండ తుడిచాడు. నేను పుస్తకం ముందు వైపుకి తిప్పి రాశాను. నాలుగో వరుస, పదిహేడో బండ, చెంచాడు, కాగితం పసుపు. కారణం అన్న గడిలో మాణిక్యాంబ అని రాసి సంతకం పెట్టాను.